చిన్నారికి ఏ విద్య? ఎక్కడ నేర్పించాలి?

విజయవాడ: ఐదేళ్లు దాటిన పిల్లలను సంగీతానికో, నృత్యానికో, ఈతకో పంపాలని ఆశపడే తల్లిదండ్రులు నగరంలోనే కాదు, డెల్టా గ్రామాల్లోనూ ఎందరో ఉన్నారు. ఎక్కడ చేర్పించాలన్నదే వారికి ఎదురయ్యే మొదటి ప్రశ్న. పొరుగింటి వారి మాట మీదనో, గోడకు అంటించిన ప్రకటన చూసో డబ్బు కట్టేస్తున్నారు. రెండు నెలలు తిరగకుండానే పిల్లవాడు వెళ్లనని మొరాయిస్తాడు. కట్టిన రుసుము మాత్రం తిరిగి రాదు.

ఈ తరగతులపై అధికారుల అజమాయిషీ ఉంటుందనుకోవడం పొరపాటు. కోచింగ్ కేంద్రాల కోసం కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు వెలువరించింది. 16 ఏళ్లు నిండని వారిని చేర్చుకోరాదని వాటిలో పేర్కొంది. అయితే క్రీడలు, నృత్యం, నాటకం వంటి సృజనాత్మక శిక్షణను కోచింగ్ నిర్వచనం నుంచి మినహాయించింది. మేడ మీద గదిలో సాయంత్రం పూట నడిచే నృత్య తరగతికి ఆ నిబంధనలు వర్తించవన్న మాట. మంచిచెడ్డలు విచారించుకోవలసిన బాధ్యత తల్లిదండ్రులదే.

ముందు ఈత

ప్రకాశం బ్యారేజీ వద్ద బయలుదేరే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు నగరం మధ్యగా సాగి పల్లెలకు నీరందిస్తాయి. ఇంటి గుమ్మం దాటితే కాలువ, పొలం దాటితే మురుగు కాలువ, ఊరి చివర చెరువు. ఇటువంటి నేలపై పెరిగే పిల్లలకు తక్కిన విద్యలన్నింటి కంటే ముందు ఈత నేర్పించడం సమంజసం. ఆరేళ్లు దాటిన పిల్లలకు ప్రాథమికంగా ఈత, నీటి వద్ద పాటించవలసిన జాగ్రత్తలు నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచిస్తోంది.

నగరపాలక సంస్థకు చెందిన సర్ విజ్జీ ఈతకొలను గాంధీనగర్‌లో ఉంది. వేసవిలో రద్దీ అధికం కనుక పాఠశాలలు మూసివేయక మునుపే విచారించుకోవడం మేలు. కొలనులో చేర్పించే ముందు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. చిన్నారులకు లోతు తక్కువ గల విభాగం వేరుగా ఉన్నదా? ఒక్కో శిక్షకుని చేతి కింద ఎందరు పిల్లలు ఉన్నారు? శిక్షకుడు గట్టున కూర్చుని ఫోను చూసుకుంటున్నాడా, నీటిలో ఉన్నాడా? పల్లెల్లో తండ్రులు కాలువలోనే ఈత నేర్పడం పాత అలవాటు. సాగునీరు వదిలిన తరువాత కాలువ వేగం పెద్దవారికే అంతుపట్టదు. ఆ రోజుల్లో పిల్లలను దింపకపోవడమే క్షేమం. పసితనంలోనే కృష్ణానదిని ఈది రికార్డులకెక్కిన వెన్నం జ్యోతి సురేఖ పేరు ఇక్కడ తరచూ వినిపిస్తుంది. ఆమె తరువాత విలువిద్యను ఎంచుకుని 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు సాధించారు. అది నిరంతర శిక్షణ ఫలితం. అందరు పిల్లలనూ నదికి తీసుకువెళ్లమని దానికి అర్థం కాదు.

సంగీతం, నృత్యం

నగరంలోని ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ మంగళంపల్లి బాలమురళీకృష్ణ. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, కూచిపూడి నృత్యం తదితర శాఖల్లో ఇక్కడ బోధన జరుగుతుంది. సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, ఆపై డిప్లొమా రెండేళ్లు. ప్రైవేటు తరగతులతో పోల్చితే రుసుము స్వల్పం. అయితే సర్టిఫికెట్ కోర్సులో చేరడానికి 10 సంవత్సరాలు నిండాలి. అంతకంటే చిన్నవారు గురువుల ఇళ్లకు వెళ్లి నేర్చుకోవలసిందే. బాలమురళీకృష్ణ కూడా బాల్యంలో బెజవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు వద్ద శిష్యరికం చేసినవారే.

గురువును ఎలా గుర్తించాలి? కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలు మాయామాళవగౌళ రాగంలోని సరళీ వరుసలు. తరువాత జంట వరుసలు, అలంకారాలు, గీతాలు. ఈ క్రమానికి నెలలు పడుతుంది. చేరిన మూడో వారంలోనే సినిమా పాట నేర్పి, పాఠశాల వార్షికోత్సవానికి సిద్ధం చేస్తామనే చోటికి పంపినందువల్ల పాట వస్తుందేమో కాని సంగీతం రాదు. నృత్యంలోనూ అంతే. అడవులు కుదరక ముందే వేదిక ఎక్కిస్తే ఆ తప్పులు సరిదిద్దడం తరువాతి గురువుకు భారమవుతుంది. గట్టి రాతినేలపై రోజూ గంటసేపు అడుగులు వేయిస్తే చిన్నారుల మడమలు, మోకాళ్లు నొప్పి పెడతాయి. నేలను చూడటం కూడా విచారణలో భాగమే.

కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడిలో సిద్ధేంద్ర యోగి పేరిట నెలకొన్న కళాపీఠం ఉంది. పామర్రు మీదుగా బస్సులో వెళ్లవచ్చు. ఒకప్పుడు అక్కడి భాగవతుల కుటుంబాల్లోని మగపిల్లలకే పరిమితమైన ఈ విద్య నేడు ఆడపిల్లలందరికీ అందుబాటులోకి వచ్చింది. 2016 డిసెంబరులో విజయవాడలో 6,117 మంది ఒకేసారి కూచిపూడి నర్తించడం గిన్నిస్ రికార్డు అయింది. ఆ తరహా ఘనతను అనుకరిస్తూ, పేరు విననైనా వినని సంస్థల 'రికార్డు' ధ్రువపత్రాల కోసం పిల్లల వద్ద వేలు వసూలు చేసే ధోరణి పెరిగింది. ఆ కాగితానికి ఏ కళాశాలలోనూ విలువ లేదన్నది గమనార్హం.

ఖర్చు లేని దారులు

చదరంగానికి బల్ల, పావులు చాలు. గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపికి తండ్రే తొలి గురువు. 2002లో 15 ఏళ్ల వయసులో ఆమె గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. ఇంట్లో ఆడించి, ఆసక్తి నిలిచిందని తేలిన తరువాతనే శిక్షకుని వెదకడం ఉత్తమం.

ఏ తరగతికైనా డబ్బు కట్టక ముందు ఒక పూట కూర్చుని చూడాలి. చూడనివ్వని చోట చేర్పించరాదు. బోధన జరిగే గది తలుపు తెరిచి ఉండాలి. పిల్లవాడు ఒక్కసారిగా వెళ్లడానికి భయపడితే బద్ధకమని కొట్టిపారేయక ఏకాంతంగా అడిగి తెలుసుకోవాలి. వేధింపులు జరిగినట్లు అనుమానం కలిగితే 1098కు ఫోను చేయవచ్చు. 2012 నాటి పోక్సో చట్టం సంగీత గురువుకూ, ఈత శిక్షకునికీ సమానంగా వర్తిస్తుంది.

రుసుము చెల్లించే స్థోమత లేని కుటుంబాలకు, బస్సెక్కి నగరానికి రాలేని పల్లెవాసులకు శాఖా గ్రంథాలయాలు ఉన్నాయి. ఆంధ్ర దేశంలో గ్రంథాలయోద్యమానికి ఊపిరి పోసిన తొలి మహాసభ 1914లో జరిగింది బెజవాడలోనే. వేసవి సెలవుల్లో జిల్లా గ్రంథాలయ సంస్థలు పిల్లలకు ఉచిత శిబిరాలు నిర్వహిస్తుంటాయి. కథలు చదివించడం, చెప్పించడం, బొమ్మలు వేయించడం వాటిలో ప్రధానం. ఏప్రిల్ నెలలోనే ఊరి గ్రంథాలయాధికారిని కలిసి పేరు నమోదు చేయించుకోవచ్చు. శుక్రవారం గ్రంథాలయాలకు సెలవు.