యంత్రానికి చూపు నేర్పిన సభలు



మధుమేహం, రక్తపోటు, ఆహార నియమాల గురించి వ్రాసే ఈ పుటలో కంప్యూటరు శాస్త్రజ్ఞుల సదస్సుల ప్రస్తావన ఎందుకని మీకు అనిపించవచ్చు. కారణం ఉన్నది. రేపు విజయవాడలోనో, గుడివాడలోనో, అవనిగడ్డలోనో మీ కంటి లోపలి పొరను ఫోటో తీసి, మీరు కంటి వైద్యుని వద్దకు తప్పక వెళ్ళాలని మొదట చెప్పేది ఒక యంత్రమే కావచ్చు. ఆ యంత్రం చూడడం ఎక్కడ నేర్చుకున్నది? దాని చూపును పరీక్షించినది ఎవరు? ఈ చరిత్ర తెలిసిన రోగి దానిని గుడ్డిగా నమ్మడు, అకారణంగా భయపడడు.

బొమ్మ వెనుక అంకెలు

మనకు ఛాయాచిత్రంగా కనబడేది కంప్యూటరుకు అంకెల పట్టిక మాత్రమే. ఒక్కొక్క చుక్క ఎంత వెలుగుగా ఉన్నదో తెలిపే అంకెలు వరుసలుగా ఉంటాయి. ఆ అంకెలతో ఎంత మేలు చేయవచ్చునో 1971 అక్టోబరు 1న లండనులో రుజువైంది. ఆనాడు తొలిసారిగా ఒక రోగి మెదడును సీటీ స్కానర్ చిత్రించింది. అనేక కోణాల నుండి తీసిన ఎక్స్‌రే కొలతలను గణితంతో కూర్చి బొమ్మ కట్టిన ఆ సాధనానికి గాను హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్‌లకు 1979లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే బొమ్మ కట్టడం వేరు, బొమ్మలో ఏమున్నదో గ్రహించడం వేరు. 1966లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో సేమూర్ పేపర్ట్, యంత్రానికి చూపు కల్పించే పనిలో ముఖ్యభాగాన్ని ఒక వేసవి ప్రణాళికగా విద్యార్థులకు అప్పగించారు. వేసవి గడిచింది, దశాబ్దాలు గడిచాయి, పని మాత్రం తీరలేదు. పసిబిడ్డ అవలీలగా చేసే పని యంత్రానికి అంత కష్టమైనది.

ఈ ప్రయత్నంలో మన భాషకూ పాత చోటు ఉన్నది. 1977లోనే రాజశేఖరన్, బి.ఎల్. దీక్షితులు అచ్చు తెలుగు అక్షరాలను యంత్రం గుర్తించే పద్ధతిపై అంతర్జాతీయ పత్రికలో వ్యాసం ప్రకటించారు. దీక్షితులు గారు తరువాత హైదరాబాదులోని జాతీయ సుదూర గ్రహణ సంస్థకు సంచాలకులుగా పనిచేశారు. మన లిపిలో ‘ప’ క్రింద చిన్న గీత చేరితే ‘ఫ’ అవుతుంది. ఆ చిన్న గీతను పట్టుకోలేని యంత్రం అర్థాన్నే తప్పుతుంది. కంటి పొరలో సూదిమొన వంటి ఎర్రచుక్కను పట్టుకోలేని యంత్రం రోగాన్నే తప్పుతుంది. రెండింటిలోనూ చిక్కు ఒకటే.

హైదరాబాదులో కొలువు

కంప్యూటరు శాస్త్రంలో పత్రికలకు దీటుగా సదస్సులకూ ప్రాధాన్యం ఉన్నది. పరిశోధకుడు పంపిన వ్యాసాన్ని సమీక్షకులు పరిశీలిస్తారు. పెద్ద సదస్సులలో వ్రాసినవారి పేరు సమీక్షకునికి తెలియనివ్వరు. నెగ్గిన వ్యాసాన్ని సభలో చదవాలి, లేదా గోడకు అంటించిన పెద్ద పటం ప్రక్కన నిలబడి వచ్చినవారి ప్రశ్నలకు బదులు చెప్పాలి. యంత్రం మునుపెన్నడూ చూడని బొమ్మలపై పరీక్ష నెగ్గిందా అన్నది అక్కడి మొదటి ప్రశ్న. నేర్చుకున్న బొమ్మలపైనే పరీక్ష పెడితే అది బట్టీ పట్టిన విద్యార్థికి అదే ప్రశ్నపత్రం ఇచ్చినట్లు.

1998లో ఢిల్లీలో కంప్యూటర్ విజన్, గ్రాఫిక్స్, ఇమేజ్ ప్రాసెసింగ్ రంగాల భారతీయ సదస్సు మొదలైంది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పుట్టిన సంవత్సరమూ అదే. 1993లో ఒసాకాలో ఆరంభమైన ఆసియా కంప్యూటర్ విజన్ సదస్సు, తన ఏడవ సమావేశానికి 2006 జనవరి 13 నుండి 16 వరకు హైదరాబాదులో కొలువు తీరింది. ట్రిపుల్ ఐటీ ఆచార్యులు పి.జె. నారాయణన్ సంపాదకులలో ఒకరుగా ఆ వ్యాసాలు రెండు పెద్ద సంపుటాలుగా వెలువడ్డాయి. 2018 డిసెంబరులో భారతీయ సదస్సు కూడా హైదరాబాదుకు వచ్చింది.

ఈ నడుమ విద్య మారిపోయింది. 2009లో అమెరికాలో జరిగిన ఇటువంటి సదస్సులోనే ‘ఇమేజ్‌నెట్’ అనే బృహత్తర చిత్రభాండారం వెలుగు చూసింది. 2012లో దానిపై జరిగిన పోటీలో లోతైన నాడీజాలాల పద్ధతి మిగిలిన వాటిని వెనుకకు నెట్టింది. అంతవరకు మనిషి సూత్రాలు చెప్పి నేర్పేవాడు. అప్పటి నుండి లక్షల బొమ్మలు చూపి, యంత్రమే సూత్రాలను కనుగొనేటట్లు చేయడం రివాజైంది. అంటే యంత్రానికి మనం చూపే బొమ్మలే గురువులైనాయి.

ఎవరి కళ్ళ బొమ్మలు?

వైద్యునిగా నన్ను ఆకర్షించేది ఇక్కడే. ఎవరి బొమ్మలు చూపితే వారి రోగమే యంత్రానికి తెలుస్తుంది. ఈ సంగతి ఎరిగిన హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు, మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రితో కలిసి భారతీయుల కంటి చిత్రాలు 101 సేకరించి, నీటికాసుల వ్యాధి పరిశోధన కొరకు ‘దృష్టి’ అనే సంకలనంగా 2014లో ఒక అంతర్జాతీయ సదస్సు ద్వారా ప్రపంచానికి అందించారు. 2016లో గూగుల్ పరిశోధకులు మధుమేహం వల్ల కలిగే రెటీనా వ్యాధిని గుర్తించే పద్ధతిని ప్రకటించినపుడు, దానికి నేర్పిన 1,28,175 చిత్రాలలో భారతదేశపు ఆసుపత్రులవి కూడా ఉన్నాయి.

సభలో నెగ్గిన యంత్రం పల్లెలో నెగ్గుతుందా? 2020లో మరొక సదస్సులో వెలువడిన వ్యాసం దీనికి జవాబు చెప్పింది. అదే గూగుల్ పద్ధతిని థాయిలాండులోని ప్రభుత్వ వైద్యశాలలలో వాడి చూశారు. మొదటి 1,838 చిత్రాలలో 21 శాతం స్పష్టత చాలనందున యంత్రం తిరస్కరించింది. గదిలో చీకటి చాలలేదు, ఇంటర్నెట్ మందగించింది, రోగులు నిరీక్షించారు. లోపం గణితంలో లేదు. గదిలో, తీగలో, బల్లపై ఉన్నది. కృష్ణా డెల్టా గ్రామాలకు ఈ యంత్రాలు వచ్చినపుడు మనం అడగవలసిన ప్రశ్నలు ఇవే. ముదిరిన శుక్లం ఉన్న వృద్ధుల కంటి చిత్రం ఎంత మంచి కెమెరాతోనైనా మసకగానే వస్తుంది. ఆ మసక చిత్రాన్ని ‘రోగం లేదు’ అని చదవరాదు.

మనం చేయవలసినది

ఏలూరు ప్రాంతీయుడైన సినీప్రముఖుని పేరుతో 1987లో హైదరాబాదులో వెలసిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2011 నుండి విజయవాడ ప్రక్కన తాడిగడపలోనూ సేవలందిస్తున్నది. వైద్యం మనకు దూరంగా లేదు. మనమే దానికి దూరంగా ఉంటున్నాము. మధుమేహం రెటీనాను దెబ్బతీసే తొలిదశలో నొప్పి ఉండదు, చూపు తగ్గదు. కనబడుతున్నది కదా అని ఊరుకుంటే, కనబడనినాటికి పోయిన చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

కనుక, టైపు 2 మధుమేహం బయటపడిన నాడే ఒకసారి, ఆపైన ఏటా ఒకసారి కంటిపాపను విప్పార్చి రెటీనా పరీక్ష చేయించుకోండి. మధుమేహం ఉన్న స్త్రీ గర్భవతి అయితే తొలి మాసాలలోనే చూపించుకోవాలి. యంత్రం ‘వైద్యుని చూడండి’ అంటే వాయిదా వేయకండి. చిత్రం సరిగా రాలేదంటే, దానిని మంచి వార్తగా భావించకుండా వైద్యుని వద్దకు వెళ్ళండి. చక్కెరను, రక్తపోటును అదుపులో ఉంచుకోండి.

అరవై ఏళ్ళుగా ఎందరో మేధావులు యంత్రానికి చూపు నేర్పుతున్నారు. అయితే ఆ యంత్రం ఎదుట గడ్డం ఆనించి కూర్చోవలసినది మాత్రం మీరే.