ఎక్స్ఛేంజీకి మీ ఇల్లెంత దూరం?

2005 సంక్రాంతికి, జనవరి 14న, బీఎస్‌ఎన్‌ఎల్ ‘డేటావన్’ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది. అంతకు మూడు నెలల ముందు వచ్చిన కేంద్ర విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లుంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. ఇవాళ ఆ వేగానికి వీడియో కాల్ ముక్కలు ముక్కలైపోతుంది. కానీ డయలప్ మోడెమ్ కీచుమని అరిచి కలిసేదాకా ఆగి, నెట్ నడిచినంతసేపూ ఇంటి ఫోను ఎంగేజ్ వచ్చే కాలం చూసినవాళ్లకు అది పండగే.

దీని వెనకున్న సూత్రం ముచ్చటైనది. మన మాటకు టెలిఫోన్ రాగి తీగలో 4 కిలోహెర్ట్జ్‌ల లోపు జాగా చాలు. ఆపైన మెగాహెర్ట్జ్ దాటేవరకూ ఖాళీయే. ఏడీఎస్‌ఎల్ అనే ఈ పద్ధతి ఆ ఖాళీని 256 పాయలుగా చీల్చి డేటా పంపుతుంది. గోడ దగ్గర పెట్టే చిన్న స్ప్లిటర్ మాటను ఫోనుకీ, మిగతాది మోడెమ్‌కీ పంచుతుంది. జనం పంపేదానికన్నా తెచ్చుకునేదే ఎక్కువ కాబట్టి రెండు దారులూ సమానంగా ఉండక్కర్లేదన్న ఆలోచన అమెరికాలో బెల్‌కోర్ ఇంజినీరు జోసెఫ్ లెక్‌లైడర్‌ది.

చిక్కంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజీ నుంచి ఇంటిదాకా ఉన్న దూరంతోనే. తీగ పొడుగయ్యేకొద్దీ పై పౌనఃపున్యాలే ముందు చచ్చిపోతాయి. కిలోమీటరున్నర లోపు 24 మెగాబిట్లదాకా ఇవ్వగల ఏడీఎస్‌ఎల్ 2 ప్లస్, ఐదు కిలోమీటర్లకు చేరేసరికి నీరసపడుతుంది. పైగా కేబుల్ రోడ్డు వెంట తిన్నగా పోదు. వీధుల్లో తీగలు పంచే పిల్లర్ బాక్సులు, డీపీ డబ్బాలు చుట్టి వస్తుంది. వానకు జాయింట్లో నీళ్లు దిగితే ఫోనులో గరగర, మోడెమ్ మీద డీఎస్‌ఎల్ దీపం మిణుకు మిణుకు.

ఈ దూరం చిక్కు శివార్లకే ఎక్కువ. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్ హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి హైదరాబాద్ శివారులోని బాచుపల్లి ఓ గ్రామ పంచాయతీ. అప్పటికే అక్కడ వీఎన్‌ఆర్ విజ్ఞాన జ్యోతి, గోకరాజు రంగరాజు ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. హైటెక్ సిటీకి ఇంజినీర్లను పంపే ఊరు. బండెక్కితే మాదాపూర్ దగ్గరే, రాగి తీగకు మాత్రం ఇలాంటి శివారు ఎప్పుడూ దూరాభారమే. మందు లేదా అంటే ఉంది: అటువైపు నుంచి మోడెమ్‌లతో మాట్లాడే డీఎస్‌లామ్ యంత్రాన్ని ఎక్స్ఛేంజీలోంచి తెచ్చి కాలనీ పక్కనే పెట్టడం. దానికో గది, కరెంటు, బ్యాటరీలు, అక్కడిదాకా ఫైబర్ కావాలి. అంతదూరం ఫైబర్ తెచ్చాక ఇంకో అరకిలోమీటరు రాగితో ఎందుకనే ప్రశ్న అప్పుడే పుట్టింది.

డేటావన్ రోజుల రాత్రి ప్లాన్లు గుర్తున్నాయా? తెల్లవారుజాము రెండు నుంచి ఎనిమిదిదాకా ఎంత దించుకున్నా లెక్కలేదు. రెండింటికి అలారం పెట్టుకున్న కుర్రాళ్లకు పొద్దున కాలేజీలో నిద్రే నిద్ర.

బాచుపల్లి 2016లో మండలమైంది, 2019లో నిజాంపేట కార్పొరేషన్‌లో కలిసింది. అపార్ట్‌మెంట్లు లేచేసరికి రాగి ముచ్చట వెనకబడి ఫైబర్ వచ్చేసింది. దానికి ఇరవై కిలోమీటర్లు కూడా లెక్కకాదు. అయినా డీఎస్‌ఎల్‌ను చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. ఉన్న తీగమీదే, వీధి తవ్వకుండా వచ్చిందది. ఇప్పుడు ఫైబర్‌కు దూరం కాదు, ఇళ్ల లెక్క అడ్డం. కొత్త వెంచర్‌లో అందరికన్నా ముందు ఇల్లు కట్టుకున్నాయనకు కేబుల్ కుర్రాడి జవాబు ఒకటే: “ఇంకో నాలుగు కనెక్షన్లు చూడండి సార్, వైరు లాగేద్దాం.”