ఇంటి బయటి దీపము: వాకిలికి, పెరటికి, కొట్టానికి ఏది తగును?

తుంబలహళ్లి వంటి ఊళ్లలో ఇంటి బయటి దీపము అలంకారము కోసము కాదు. మరుగుదొడ్డి పెరటి చివర ఉంటుంది, పశువుల కొట్టము దానికి ఇంకొంత దూరాన ఉంటుంది. అర్ధరాత్రి దూడ అరిచినా, ఇంట్లో ముసలివారు లేచినా ఆ చీకటిలో నాలుగడుగులు వేయక తప్పదు. పట్టణపు ఇండ్ల కోసము వ్రాసిన సలహాలు మనకు అంతగా అక్కరకు రాకపోవడానికి కారణమిదే. అవి గోడ ఎట్లా కనబడునో చెప్పును. మనకు కావలసినది నేల కనబడుట.

పాముల సంగతితోనే మొదలుపెట్టవలెను. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగే మన దేశములో పాముకాటు మరణాలకు ముఖ్య కారణములు. వీటిలో కట్లపాము రాత్రివేళ తిరిగేది. దాని కాటుకు నొప్పి, వాపు అంతగా ఉండవు గనుక నిద్రలో కరచినా తెలియకపోవచ్చును. వెలుతురుంటే పాము రాదని మన పెద్దల నమ్మకము. అది నిజము కాదు. తెల్లని దీపానికి పురుగులు, పురుగులకు కప్పలు, బల్లులు, వాటి వెనుక పాము, ఈ వరుసను వానకాలములో ఏ ఇంటి వాకిట నిలబడి చూచినా తెలియును. దీపము పామును తరుమదు. మనము దానిని త్రొక్కకుండ చూపును, అంతే. ఒకవేళ కాటు పడితే ఆ చోట కోయరాదు, త్రాడుతో బిగించి కట్టరాదు. మనిషిని కదలనీయక 108కు పిలిచి, విషవిరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చవలెను.

కాబట్టి దీపాన్ని తలుపు నెత్తిన ఒకచోట పెట్టి ఊరుకొనుట చాలదు. తలుపు నెత్తిమీది దీపము బయటికి నడిచే మనిషికి వెనుక నుండి పడును. అతని నీడ అతని పాదాల ముందే పడును. దారి ప్రక్కన నడుము ఎత్తులో, నేల వైపు వంచిన చిన్న దీపాలు రెండుంటే ఆ నీడ ఉండదు. మరుగుదొడ్డి దగ్గర ఒకటి, కొట్టము మూలన ఒకటి తప్పనిసరి. కొట్టము దీపము పశువులకు అందని ఎత్తులో, ఎండుగడ్డికి దూరముగా ఉండవలెను.

ఇక రంగు. పెట్టె మీద 6500 కె అని ఉంటే అది నీలి తెలుపు, 2700 లేక 3000 అని ఉంటే పసుపు వెలుగు. దుకాణములో ఏమీ చెప్పకుండా బల్బు అడిగితే చేతికి వచ్చేది సాధారణముగా మొదటిదే. అది ఎక్కువ వెలుగుగా తోచును గాని పురుగులను ఎక్కువగా రప్పించును. బయటికి కావలసినది రెండవది. “వార్మ్ వైట్” అని అడగండి. తొలి వానల తరువాత ఈసుళ్లు పట్టుకొనే ఇండ్లవారు మాత్రము ఆ ఒక్క రాత్రికి తెల్ల బల్బు పెట్టుకొంటారు, దానికి నా అభ్యంతరము లేదు!

ఖర్చు విషయములో లెక్క చూడక మోసపోతాము. ఒక దీపము రాత్రికి 12 గంటల వంతున 60 రోజులు వెలిగిందనుకొందాము. పాత 60 వాట్ల గుండు బల్బు 43 యూనిట్లు త్రాగును. చోక్‌తో కూడిన పాత ట్యూబ్‌లైటు సుమారు 36. తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. ఆరున్నర. జీరో వాట్ బల్బు అని పిలిచే పాత చిన్న బల్బు నిజానికి సున్న కాదు, 15 వాట్ల వరకు తీసుకొనును. అంటే దాదాపు 11 యూనిట్లు. పేరును నమ్మి దానిని రాత్రంతా వెలిగించిన ఇండ్లెన్నో. 2016లో తమిళనాట ఇండ్లకు రెండు నెలలకు తొలి 100 యూనిట్లు ఉచితమని ప్రకటించారు. ఆ వందను కొలతగా పెట్టుకొని చూడండి: 50 వాట్ల ఫ్లడ్‌లైటు ఒక్కటే అందులో 36 మింగును. నేనూ ఒకప్పుడు అటువంటిది వాకిట బిగించాను. ఎదురింటి పసివాడు నిద్రపోవడము లేదని వారి అవ్వ వచ్చి చెప్పేదాకా తప్పు తెలియలేదు. తీసివేసి, తొమ్మిది వాట్లవి రెండు పెట్టితిని. నేల మునుపటికంటె బాగా కనబడుచున్నది.

పెట్టె మీద ఐ.పి. అని, ప్రక్కన రెండు అంకెలు ఉండును. మొదటిది దుమ్మును, రెండవది నీటిని ఎంత ఆపునో తెలుపును. చూరు క్రింద 44 చాలును. వాన నేరుగా తగిలే చోట 65కు తగ్గరాదు. ఇంటి లోపలి బల్బుకు పాలిథిన్ సంచి కట్టి బయట వ్రేలాడదీయుట మన ఊళ్లలో మామూలే గాని, వేడికి చెమర్చి ఆ నీరు హోల్డరులోకే దిగును.

అన్నిటికంటె ప్రమాదము తీగలో ఉన్నది. జామచెట్టు మీదుగా, బట్టలారవేసే ఇనుప తీగకు చుట్టి కరెంటు లాగరాదు. తీగ పైపొర చెట్టు రాపిడికి పోయిననాడు తడిబట్ట ఆరవేయవచ్చిన ఆడవారే బలియగుదురు. రాగి తీగను పి.వి.సి. గొట్టములో నడిపించి, మెయిన్ పెట్టెలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. బిగించమని ఎలక్ట్రీషియనును అడగండి. కరెంటు మనిషి గుండా నేలకు పారిన మరుక్షణమే అది సరఫరాను కోసివేయును. ఎర్తు కూడ సరిగా ఉండవలెను.

ఏనుగులు, పందులు వచ్చే అంచు పొలాలవారికి ఇంకొక మాట. ఇంటి దీపానికని లాగిన తీగను కంచెకు తగిలించుట నేరము. 2023 మార్చిలో మన పాలక్కోడు దగ్గరి మారండహళ్లి ప్రాంతములో అక్రమ విద్యుత్ కంచె తగిలి మూడు ఆడ ఏనుగులు చనిపోయినవి, రెండు గున్నలు తల్లి లేనివైనవి. ఆ కంచెకే మనిషీ తగులును.

కరెంటు పోయినప్పుడు కూడ వెలుగు కావాలంటే సౌరదీపము మేలు. తమిళనాడు ప్రభుత్వము 2011లో ఆరంభించిన హరిత గృహ పథకములో ఇంటికి ఐదు సౌరదీపాల వంతున ఇచ్చినారు గనుక ఇది మనకు కొత్త కాదు. వీటిలో ముందు చెడేది పలక కాదు, బ్యాటరీ. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకము ఎక్కువ కాలము మన్నును. మార్చుకొనుటకు వీలుగా మరలతో మూసినది ఎంచుకోండి. పలక దక్షిణానికి కొద్దిగా వాలి ఉండవలెను, మామిడి నీడ తగలరాదు, దుమ్ము పేరుకొన్నప్పుడెల్ల తడిగుడ్డతో తుడవవలెను.

మనిషి వస్తేనే వెలిగే సెన్సార్ దీపము మరుగుదొడ్డి దారికి చక్కగా సరిపోవును. అది ఒంటి వేడి కదలికను పట్టును గనుక కుక్కకు, మేకకు కూడ వెలుగును. కొట్టము వైపు త్రిప్పితే రాత్రంతా ఆరదు. గాలి వేడి ఒంటి వేడికి దగ్గరయ్యే ఎండకాలములో అది కొంత దగ్గరకు వస్తేనే గుర్తించును. ముసలివారున్న ఇంట్లో అందుకే దానిని గుమ్మానికి దగ్గరగా బిగించి, వెలిగి ఉండే వ్యవధిని రెండు నిమిషాలకు తగ్గకుండ పెట్టుకొనవలెను.