సెకండ్ హ్యాండ్ లగ్జరీ కారు కొంటున్నారా? మీటర్ ఒక్కటే చూసి డిసైడ్ అవ్వొద్దు!

సెకండ్ హ్యాండ్‌లో బెంజ్, బీఎండబ్ల్యూ, ఆడి లాంటి కార్లు లక్ష కిలోమీటర్లు దాటితే చాలామంది వద్దనుకుంటారు. కానీ హైవేపై తిరిగి, టైమ్‌కి ఆయిల్ మార్చిన అలాంటి కారు.. సర్వీసింగ్ లేకుండా సిటీ ట్రాఫిక్‌లో నలిగిన 50 వేల కిలోమీటర్ల కారు కంటే మేలు కావచ్చు.

పైగా మీటర్‌ను వెనక్కి తిప్పేవాళ్లూ ఉన్నారు. అందుకే సర్వీస్ రికార్డులోని కిలోమీటర్లతో పోల్చి చూడాలి. 2019 మోడల్ 20 వేలే తిరిగిందంటూ, టైర్లపై 1023 (2023లో 10వ వారం తయారీ) అని ఉంటే ఎందుకు మార్చారో అడగాలి. పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ బాగా అరిగినా అనుమానించాల్సిందే.

కొన్ని కార్లలో గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్‌లోనూ కిలోమీటర్లు నమోదవుతాయి. ఎయిర్ సస్పెన్షన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పాడైతే ఖర్చు లక్షల్లోకి వెళ్లొచ్చు. కాబట్టి అడ్వాన్స్ ఇచ్చేముందే మెకానిక్‌తో స్కానింగ్ చేయించుకోవడం బెటర్.