తుర్కీలో ఓటు, అందాల కిరీటం

1923లో నెజిహే ముహిద్దీన్ మహిళలకొక రాజకీయ పక్షం స్థాపించబూనగా తుర్కీ ప్రభుత్వం అనుమతి నిరాకరించింది. మరుసటి ఏడు ఆమె మహిళా సంఘంతో సరిపెట్టుకోవలసివచ్చింది. 1929లో 'జుమ్హూరియెత్' దినపత్రిక అందాల పోటీలు ఆరంభించింది. 1932లో బెల్జియంలోని స్పా పట్టణంలో కెరిమాన్ హాలిస్ విశ్వసుందరిగా ఎన్నికైంది. తుర్కు జాతి సౌందర్యం తెలిసినవారికి ఇది సహజమేనన్నాడు అతాతుర్క్. పిమ్మట ఆమెకు రాణి అని అర్థమిచ్చే 'ఎజె' అనే ఇంటిపేరు కూడా ప్రసాదించాడు. ఒక యువతి ముఖం జాతి గౌరవానికి కొలబద్ద అయింది. దీనిని స్త్రీ విమోచనమనడం తొందరపాటే. 1934లో స్త్రీలకు పార్లమెంటు ఓటు లభించింది. 1935 ఏప్రిల్‌లో ఇస్తాంబుల్‌లో అంతర్జాతీయ మహిళా మహాసభకు ఆతిథ్యమిచ్చిన ఆ సంఘం, హక్కులన్నీ సిద్ధించాయన్న కారణం చూపి, మే నెలలో రద్దయింది.