అక్కకు రాసిన ఉత్తరం

ఈమధ్య రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలితే మూడు వారాలు ఇంట్లో చెప్పలేదు నేను. వాళ్ళెందుకు బెంగపడాలని! మనందరి అలవాటే కదా!

ఇంగ్లీషు నవలా రచయిత్రి ఫానీ బర్నీ కూడా అంతే. ఫ్రెంచి సైనికాధికారిని పెళ్ళాడి, యుద్ధంవల్ల పారిస్‌లో చిక్కుపడిపోయింది. రొమ్ములో గడ్డ క్యాన్సరన్నారు డాక్టర్లు. 1811 సెప్టెంబరు 30న, భర్త ఇంట్లో లేకుండా చూసుకుని ఆపరేషన్‌కి పడుకుంది. కత్తి పట్టింది నెపోలియన్ సైన్యపు సర్జన్ లారే. ఈథర్ మత్తు సంగతి లోకానికి తెలిసింది 1846లో. ఈవిడకి దక్కింది గుక్కెడు వైను, మొహమ్మీద పల్చటి రుమాలు. అందులోంచి కత్తి తళుకు కనిపించిందట! 20 నిమిషాలు.

ఎంతగా అరిచిందీ దాచకుండా అక్క ఎస్తర్‌కి రాసింది. రాయడానికి నెలలు పట్టింది. ఆపైన 28 ఏళ్ళు బతికింది.

చదవడం ముగించి, డాక్టరు దగ్గరకి తోడు రమ్మని మా అక్కకి కబురు పెట్టాను.