మక్కజొన్నకు మక్కాతో చుట్టరికం ఉందా?

తెలంగాణలో ‘మక్కలు’ అంటే మొక్కజొన్నలు. మక్కా అంటే కాబా ఉన్న నగరం. తెలుగులో ఈ రెండు మాటలకు తేడా చివరి దీర్ఘం ఒక్కటే. హిందీ రాతలో అదీ లేదు, పంటా మక్కాయే, నగరమూ మక్కాయే. ఉర్దూలో మాత్రం నగరం మక్కా, పంట ఎక్కువగా మకై. ఆ నగరం పేరే పంటకు వచ్చిందన్న వాదన పాతదే. దానికి ఉన్న ఆధారాల బలమెంతో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే రూపంలో రెండు అర్థాలు కనిపించినప్పుడు దూరపు భాషలోకి మార్చి చూడటం ఒక పద్ధతి. ఇంగ్లీషు ‘కార్న్’ తీసుకుందాం. దానికి తిండిగింజలు, మొక్కజొన్న, కాలి ఆనె అనే మూడు అర్థాలున్నాయి. ఫిన్నిష్‌లో వీటికి వరుసగా విల్యా, మైస్సి, లీకవర్వస్ అని మూడు వేర్వేరు మాటలు. అంతమాత్రాన కార్న్‌కు మూడు మూలాలున్నాయని అనలేం. అమెరికా చేరిన ఇంగ్లీషువాళ్లు అక్కడి పంటను ‘ఇండియన్ కార్న్’ అన్నారు, ముందుమాట రాలిపోయి కార్న్ మిగిలింది. అంటే మొదటి రెండు అర్థాలదీ ఒకే మూలం. ఆనె మాత్రం కొమ్ము అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి విడిగా వచ్చింది. అనువాదం అర్థాలను వేరుచేసి చూపుతుంది గానీ పుట్టుకను తేల్చదు.

ఇంగ్లీషు ‘మెక్కా’ కథ వేరు. నగరం పేరు కాస్తా జనం తరలివచ్చే ఏ చోటుకైనా వాడే మాటయింది. లండన్‌లోని లార్డ్స్ మైదానాన్ని క్రికెట్ మక్కా అనడం మన పత్రికలకూ అలవాటే. ఫిన్నిష్‌లోనూ మాట అదే, నగరమైతే పెద్ద అక్షరంతో, రెండో అర్థంలో చిన్న అక్షరంతో మొదలుపెడతారు. ఇక్కడ అర్థం విస్తరించిందనడంలో సందేహం లేదు. 1980లలో సౌదీ ప్రభుత్వం ఇంగ్లీషు రాతలో అరబ్బీ ఉచ్చారణకు దగ్గరైన ‘మక్కా’ రూపాన్ని ఖాయం చేసుకుంది.

పంట పేరు ఇంత తేలిగ్గా తేలదు. వాదనకు అనుకూలమైనవి రెండు. మొదటిది, పేరు కట్టిన తీరు. తమిళంలో మక్కాచోళం, కన్నడంలో మెక్కెజోళ, మనకు మక్కజొన్న. మూడింటిలోనూ కొత్త గింజను జొన్నలో ఒక రకంగా చూసి ముందు ఒక విశేషణం తగిలించారు. ఊరి పేరో దేశం పేరో అలా తగిలించడం లోకమంతా ఉంది. ఇటలీలో ఇది ‘టర్కీ ధాన్యం’. టర్కీలో ‘మిసిర్’, ఆ మాటకు ఈజిప్టు అనీ అర్థం. రెండోది, ఓడల దారి. మొఘలుల కాలంలో హజ్ యాత్రికులు సూరత్‌లో ఓడ ఎక్కేవారు. ఆ రేవుకు ‘బాబుల్ మక్కా’, అంటే మక్కా ద్వారం, అని పేరు.

ప్రతికూలమైనవీ ఉన్నాయి. మొక్కజొన్న పుట్టిల్లు మెక్సికో. కొలంబస్ 1492 యాత్ర తర్వాతే అది అట్లాంటిక్ దాటింది, భారత్‌కు 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు తెచ్చారన్నది ఎక్కువమంది ఒప్పుకొనే మాట. మక్కా పైరు పండని లోయ అని ఖురాన్ 14వ అధ్యాయమే చెబుతుంది. అరబ్బీలో ఈ గింజ పేరు ‘జుర’, అందులో మక్కా ఊసు లేదు.

అయితే ఈ అభ్యంతరాలతోనూ వాదన వీగిపోదు. పేరుకు పుట్టినచోటుతో పని లేదు. అమెరికాలో పుట్టిన సీమకోడి ఇంగ్లీషులో టర్కీ, టర్కీ భాషలో ‘హిందీ’, ఫిన్నిష్‌లో ‘కల్కున’. ఈ చివరి పేరు మన కాలికట్ నుంచి వచ్చినది. సరుకు ఎక్కడినుంచి వచ్చిందని జనం అనుకుంటే ఆ ఊరి పేరే దానికి స్థిరపడుతుంది.

పోలికను సాక్ష్యమనుకుంటే ఏమవుతుందో కర్ణాటకలోని సోమనాథపుర ఆలయం చెబుతుంది. 13వ శతాబ్దపు ఆ శిల్పాల చేతుల్లో ఉన్నవి మొక్కజొన్న కంకులేనని 1989లో జోహనెసన్, పార్కర్ రాశారు. కావు, అవి ముత్యాలు పొదిగిన కల్పిత ఫలాలని 1993లో పాయక్, సచాన్ వాదించారు. కంటికి కనిపించే పోలికే ఇంత వివాదమైతే, చెవికి వినిపించే పోలికను మరింత జాగ్రత్తగా తూచాలి.

కాబట్టి మక్క అన్న పేరు మక్కా నగరం నుంచి రావడం సాధ్యమే, రుజువు కాలేదు. ఇది తేలాలంటే 16, 17 శతాబ్దాల దక్కనీ, మరాఠీ, పోర్చుగీసు పత్రాల్లో ఈ గింజను నేరుగా ఆ నగరంతో ముడిపెట్టిన వాడుక కావాలి. అంతవరకు నిఘంటువుల్లో ఈ వ్యుత్పత్తి పక్కన ప్రశ్నార్థకం ఉండటమే న్యాయం.